డీవై బై డీఎక్స్ గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజరాజశ్రీ డీవై బై డీఎక్స్ గారి దివ్యసముఖమునకు,

మీతో నా గొడవ ఇంటర్‌లో మొదలైంది. మొదటిరోజే పైన డీ, కింద డీ కొట్టేసి వై బై ఎక్స్ అని రాశాను. "భిన్నం కాదురా, అంతా కలిపి ఒకటే గుర్తు" అన్నారు మాస్టారు. సరేనని తలూపాను. రెండో ఏడు అవకలన సమీకరణాలొచ్చేసరికి అదే మాస్టారు "చలరాశుల్ని వేరుచేద్దాం" అంటూ డీఎక్స్‌ని చక్కగా అవతలి గట్టుకి పంపేశారు!

పోనీ ఒక్క రూపంలో ఉంటారా? ఈ వేషం 1684లో లైబ్నిజ్ అచ్చు వేయించింది. న్యూటన్ దగ్గర నెత్తిన చుక్క, లగ్రాంజ్ దగ్గర భుజాన గీత. పైగా ఎక్స్ స్థానంలో కాలం టీ వచ్చిన రెండో అవకలజంలో 2 అంకె పైనేమో డీ మీద, కిందేమో టీ మీద. ఎందుకని అడిగే ధైర్యం లేకపోయింది.

చివరికి మిమ్మల్ని పట్టించినవి యూనిట్లు. డీ సంఖ్య కాదు, "కాస్త తేడా" అని చెప్పే గుర్తు. దానికి యూనిట్ లేదు. వై మీటర్లయితే, తేడాకి తేడా తీసినా మీటర్లే. కింద మాత్రం డీటీ మొత్తానికి వర్గం, అంటే సెకను స్క్వేర్. మొత్తం మీటర్ బై సెకను స్క్వేర్, త్వరణం యూనిట్ అదేగా! మీరు తేడాల నిష్పత్తికి అవధి. భిన్నం కాకపోయినా, పుట్టింది భిన్నాల ఇంట్లోనే. ఆ వేరుచేసే కిటుకు కూడా చైన్ రూల్ ఇచ్చిన అనుమతే.

ఇది ముందే తెలిస్తే నా కాఫీ దక్కేది. పరీక్షలో లెక్క ఇది: 30 డిగ్రీల గదిలో 80 డిగ్రీల కాఫీ, న్యూటన్ శీతలీకరణ నియమం (చల్లారే వేగం = కె ఇంటూ గదితో ఉన్న ఉష్ణోగ్రత తేడా), కె విలువ 0.05. సమీకరణంలో ఎడమవైపు నిమిషానికి ఇన్ని డిగ్రీలు, కుడివైపు కె ఇంటూ డిగ్రీలు. కాబట్టి కె అంటే ఒట్టి 0.05 కాదు, నిమిషానికి 0.05. మొదట్లో చల్లారే వేగం నిమిషానికి 2.5 డిగ్రీలు. సమీకరణం సాధిస్తే వచ్చే ఘాతంలో కె ఇంటూ టీకి యూనిట్ మిగలకూడదు. నేను టీని సెకన్లలో వేశాను. 20 నిమిషాలకి 48 డిగ్రీల దగ్గర ఉండాల్సిన కాఫీ, నా పేపర్లో గదితో సమానంగా చల్లారిపోయింది. మార్కులూ అంతే.

విన్నపం ఒక్కటే. ఇకమీదట ఏ పిల్లల ముందుకెళ్లినా మెడలో యూనిట్ల బిళ్ల వేసుకుని వెళ్లండి.

ఇట్లు,
చల్లారిన కాఫీ తాగిన
ఒక పాత ఎంపీసీ విద్యార్థి