విరుగుడు

యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ మీద రంగనాయకమ్మ గారి తీర్పు తెలుగు పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ‘గంజాయి దమ్ము’ అన్నారు. అదే నవల మీద ముంబై వర్లి బీడీడీ చాల్‌లో మా పక్క ఖోలీ అవ్వ చెప్పిన తీర్పు మాత్రం ఎక్కడా అచ్చు కాలేదు.

అవ్వకు చదువు రాదు. ఆమె పెనిమిటి మిల్లులో సాంచాలు నడిపేవాడు. 1982 జనవరి 18న బట్టల మిల్లుల సమ్మె మొదలై రెండున్నర లక్షల మంది చేతులు ఖాళీ అయినప్పుడు, ఊరి నుంచి ఎవరో తెచ్చిన ఈ నవల ఆయన చేతికి వచ్చింది. సాయంత్రాలు గ్యాలరీలో కూచుని పైకి చదివేవాడు. ఆస్తి కోసం పసిపిల్ల మీద కాష్మోరా ప్రయోగించే కథ. ఆడవాళ్లు పిల్లల్ని కొంగులో పొదువుకుని వినేవారట. పొద్దుపోయాక అంతస్తు చివరి సండాసుకు ఒంటరిగా పోవడం మానేశారట. కథ సగంలో ఉండగా ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. సంసారం సిరిసిల్లకు బస్సెక్కింది, పుస్తకం దాని సొంతదారు దగ్గరికి పోయింది. ఆ సమ్మె విరమించామని ఇప్పటికీ ఎవరూ ప్రకటించలేదు. అవ్వ నవల కూడా అలాగే ఆగిపోయింది.

తర్వాత మళ్లీ వచ్చారు. ఆయన భివండీ పవర్‌లూముల్లో పనిచేసి, అక్కడే దగ్గు పట్టి పోయాడు. ఖోలీ అవ్వ పేరు మీదికి మారింది.

ఖోలీ అంటే 160 చదరపు అడుగుల గది. 1920లలో బ్రిటిషువాళ్లు కట్టిన ఇలాంటి బిల్డింగులు వర్లిలో 121. ఇప్పుడు ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ మ్హాడా వాటిని కూల్చి, ఒక్కో ఖోలీకి బదులు 500 చదరపు అడుగుల సొంత ఫ్లాటు ఉచితంగా ఇస్తోంది. 2025 ఆగస్టులో మొదటి విడతగా 556 కుటుంబాలకు తాళంచెవులు అందాయి. మా బిల్డింగు వంతు ఇంకా రాలేదు, కాగితాల పని నడుస్తోంది.

అవ్వ కొడుకులిద్దరూ కల్యాణ్‌లో, భివండీలో వేరు కాపురాలు. తల్లిని చూసుకోవడంలో వాళ్లకు వంక పెట్టలేం. నిరుడు ఆమెకు ఊపిరి ఆడక ఆస్పత్రిలో చేరిస్తే, ఖర్చు చెరిసగం పెట్టుకుని మృత్యుంజయ హోమం చేయించారు. పొగకు చాల్ అంతా దగ్గింది. దగ్గుతూనే, ‘కొడుకులంటే వీళ్లు’ అన్నారు అందరూ.

ఆస్పత్రి నుంచి వచ్చాక అవ్వకు మిగిలిన సగం కథ వినాలనిపించింది. పుస్తకం కొన్నాను. రోజూ దీపాలు పెట్టే వేళ పది పేజీలు చదివేదాన్ని. మంత్రగాడు పూజకు కూచున్న చోటల్లా మళ్లీ చదవమనేది.

చివరి పేజీ అయ్యాక అడిగాను, “భయమైందా అవ్వా?”

“దీనికేం భయం బిడ్డా? పైసల కోసం సావుమని పూజ జేసిన్రు. దానికి ఇరుగుడు ఉండె, పిల్ల బతికె.” కాసేపాగి అంది, “నాకు జేసిన పూజకే ఇరుగుడు లేదు.”

“అదేంటి అవ్వా, అది నువ్వు బతకాలని చేసింది కదా!”

“అవు. కాయితాల మీద ఏలుముద్ర వడేదాక బతకాలని. నడుమల నేను వోతే సిరిసిల్లల ఉన్న బిడ్డకు సుత వాట ఇయ్యాలె గద!”

వేలిముద్ర దసరాకు ముందే పడింది. అప్పటి నుంచి అవ్వకు బీపీ మాత్రలు తెచ్చిస్తున్నది మా ఇంట్లోవాళ్లే.