నన్ను తెరిచిన వేలు

నా అసలు పేరు పదిహేను అంకెలు. డయల్ పలక మీద స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కితే తెర మీద కనిపించేది అదే. ఐఎంఈఐ అంటారు. మస్కట్‌లోని రువీలో ఒక దుకాణపు అద్దాల బీరువాలో ఉన్నంతకాలం నాకు ఆ పేరు తప్ప మరేమీ లేదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి వచ్చిన ఒక పైప్ ఫిట్టర్ నన్ను కొని, తన రెసిడెంట్ కార్డు మీద తీసుకున్న సిమ్ నాలో వేసి, కుడి బొటనవేలు నాకు అద్దాడు. నా అంకెలు, సిమ్ నంబరు, అతని కార్డు నంబరు ఆ రోజే టెలిఫోన్ కంపెనీ లెక్కల్లో ఒకదానికొకటి ముడిపడిపోయాయి. ఎవరినైనా వెతకాల్సి వస్తే పోలీసులు మొట్టమొదట పట్టుకునేది ఆ ముడినే.

అతనితో పాటు కంపెనీ బస్సులో దుక్మ్ వచ్చాను. మస్కట్ నుంచి దాదాపు 550 కిలోమీటర్లు. సినావ్ దాటాక చెట్టూ చేమా ఉండవు. నాకు సిగ్నల్ కూడా వచ్చి పోతూ ఉంటుంది. అల్ వుస్తా ప్రాంతంలో, అరేబియా సముద్రం ఒడ్డున, ఒకప్పుడు జాలర్లూ ఒంటెల కాపరులూ తప్ప పెద్దగా ఎవరూ లేని చోటు ఇది. 2011లో ఒమాన్ ప్రభుత్వం ఇక్కడ ప్రత్యేక ఆర్థిక మండలి పెట్టింది. రేవు వచ్చింది, ఓడల మరమ్మతుకు డ్రై డాక్ వచ్చింది. రోజుకు 2,30,000 బ్యారెళ్ల చమురు శుద్ధి చేసే రిఫైనరీని 2024 ఫిబ్రవరిలో లాంఛనంగా ప్రారంభించారు. ఈ రేవును మన నౌకాదళం వాడుకోవడానికి 2018లో ఒప్పందం కుదిరినప్పుడు పత్రికలన్నీ దుక్మ్ పేరు రాశాయి. ఇక్కడి పైపులకు అతుకులు వేసిన శ్రీకాకుళం ఫిట్టర్ల గురించి, రిగ్గర్ల గురించి, పరంజా కట్టిన జగిత్యాల, నిజామాబాద్ కుర్రాళ్ల గురించి రాసింది తక్కువ. నేను వాళ్ల గదిలో బతికాను కాబట్టి వాళ్ల గురించే చెబుతాను.

నాలో ఏముందో ముందు తెలియాలి. అమ్మమ్మల ట్రంకుపెట్టెలో చీర మడతల కింద నోటు, దాని కింద దస్తావేజు, దాని కింద చచ్చిపోయిన బిడ్డ మొలతాడు ఉన్నట్టు, నాలో అన్నీ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. నన్ను కొన్న మనిషి తండ్రికి ఉద్దానంలో చాలామందికి వచ్చిన కిడ్నీ జబ్బే వచ్చింది. క్రియాటినిన్ ఎంత ఉందో చూపించే రిపోర్టులు నెలనెలా నాలోకి వస్తాయి. భార్య స్నానం చేసి తల ఆరబెట్టుకుంటూ అతనొక్కడి కోసం పంపిన ఫొటో ఉంది. కూతురి ఇంగ్లీషు పద్యం ఉంది. ఓవర్‌టైమ్ గంటలు తగ్గించి రాశారని అతను దొంగచాటుగా తీసుకున్న టైమ్‌షీట్ల ఫొటోలున్నాయి. గదిలో మిగతావాళ్ల సరుకు కూడా నాలోనే ఉంది. ఒకరి పాస్‌పోర్టు నకలు, ఇంకొకరి అప్పు పత్రం, వేరొకరి వీసా కాగితం. కెమెరా బాగుంటుందని అందరూ నా చేతనే తీయించుకునేవారు. వాట్సాప్‌లో సందేశం, ఇమో యాప్‌లో మాట, శుక్రవారం మధ్యాహ్నం పాట, అన్నీ నా ద్వారానే.

గదిలో జగిత్యాల తమ్ముడు ఒకడుండేవాడు. పరంజా పని. కంపెనీ అతనికి జీతం నెలల తరబడి ఇవ్వలేదు. ఏజెంటుకు కట్టిన డబ్బుకు ఊళ్లో వడ్డీ నడుస్తోంది. "అన్నా, గిట్లయితే మా అవ్వకు ఏం చెప్పాలె?" అని అడిగేవాడు. మా మనిషి దగ్గర జవాబు లేదు. ఒక రాత్రి ఆ తమ్ముడు సంచీ సర్దుకుని ఎవరిదో పికప్‌లో వెళ్లిపోయాడు. తెల్లవారుజామున ఒక వాయిస్ మెసేజ్ పెట్టాడు. "పోతున్న అన్నా. పైలం. ఎవలకు చెప్పకు." దాని కిందే లైవ్ లొకేషన్ పంచాడు, పావుగంటకు. దారిలో ఏమైనా అయితే తను ఎక్కడున్నాడో ఒక్కరికైనా తెలియాలనే భయంతో పంచాడని నా నమ్మకం. ఆ తరవాత అతని నంబరు మూగబోయింది. హైమా వైపు పోయే దారిలో ఒక చోట మ్యాప్ మీది చుక్క ఆగి, అలాగే నాలో ఉండిపోయింది.

కంపెనీ పరారీ ఫిర్యాదు పెట్టింది. పనిలో నుంచి చెప్పకుండా పోయినవాడిని గల్ఫ్ మొత్తం మీద చూసే చూపు ఇదే: పరారీ, వాడుకలో చెప్పాలంటే కాగితాలు లేని ఖల్లివల్లి. సామాను కూడా పట్టుకుపోయాడని ఒక మాట జోడించారు. ఆ మాట తరవాత మళ్లీ ఎక్కడా వినపడలేదు గాని, ఆ వారం మాత్రం అతను దొంగ అయిపోయాడు.

మొదట గదికి వచ్చింది పోలీసులు కాదు. క్యాంపు చూసుకునే కంపెనీ మనిషి. "ఫోన్ ఖోలో" అన్నాడు. చేతిలో కాగితం లేదు, పక్కన యూనిఫాం లేదు. మా మనిషి ఒక్క నిమిషం నిలబడ్డాడు. అతని వీసా, అతని తిరుగు టికెట్టు, అతని రేపటి పని ఎదురుగా ఉన్న ఆ కంపెనీ మనిషి మాట మీద ఉన్నాయి. బొటనవేలు నా మీద పెట్టాడు. నేను తెరుచుకున్నాను. అది తప్ప నాకు వేరే దారి లేదు. వేలు ఇష్టంగా పడిందా, భయంతో పడిందా అని తెలుసుకునే శక్తి నన్ను చేసినవాళ్లు నాకు పెట్టలేదు.

కంపెనీ మనిషి వెతికింది జగిత్యాల తమ్ముడి కోసం. చూసింది మాత్రం అన్నీ. ఫొటోల్లోకి వెళ్లాడు. తల ఆరబెట్టుకుంటున్న ఆమె దగ్గర వేలు ఆగింది. టైమ్‌షీట్ల దగ్గర మళ్లీ ఆగింది, వాటిని తన ఫోన్‌తో ఫొటో తీసుకున్నాడు. తండ్రి రిపోర్టులు దాటించాడు. చివరికి ఆ చుక్క దొరికింది. మా మనిషి తల దించుకుని నిలబడి ఉన్నాడు. ఆ రాత్రి భార్యతో మాట్లాడినప్పుడు ఆ ఫొటో సంగతి చెప్పలేదు. "ఆరోగ్యం ఎలాగుంది నాన్నకి?" అని మాత్రం అడిగి పెట్టేశాడు.

తరవాత స్టేషన్ నుంచి పిలుపు వచ్చింది. అక్కడ అధికారి ఏ నంబరు, ఆఖరుసారి ఎప్పుడు మాట్లాడాడు అని అడిగాడు. నా కాల్ జాబితాలో అదొక్కటే చూసి, టైము రాసుకుని, నన్ను తిరిగి ఇచ్చేశాడు. నాలోని మిగతా అరల జోలికి పోలేదు. వెతకడమంటే ఇలా కూడా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

నిజానికి పోలీసులకు నన్ను తెరవాల్సిన అవసరమే చాలాసార్లు ఉండదు. నేను బతికి ఉన్నంతసేపు దగ్గరలోని టవర్‌కు నా ఉనికి చెబుతూనే ఉంటాను. ఏ నంబరు ఏ టవర్ కింద ఏ టైముకు ఉందో ఆపరేటర్ దగ్గర నమోదవుతుంది. సిమ్ మార్చినా నా పదిహేను అంకెలు మారవు. మాటల్లోని సారం వేరు. 2016 నుంచి వాట్సాప్ సందేశాలు రెండు కొసల మధ్య తాళంలో వెళతాయి కాబట్టి మధ్యలో ఎవరికీ అందవు. అందేది నా దగ్గరే. అందుకే అందరికీ నా మీద చూపు.

కాని టవర్ చెప్పేది మనిషి గురించి కాదు. ఊళ్లు దూరదూరంగా ఉండే అల్ వుస్తాలో ఒక టవర్ కింద కిలోమీటర్ల కొద్దీ ఎడారి ఉంటుంది. ఆ వృత్తంలో ఒక డ్రైవరూ ఉండొచ్చు, ఒంటెల కాపరీ ఉండొచ్చు, పారిపోయినవాడూ ఉండొచ్చు. నగరంలో పొరపాటు ఇంకా దగ్గరగా వచ్చి మీద పడుతుంది. అమెరికాలో ఫ్లోరిడాలోని గేన్స్‌విల్‌లో ఒకతను వ్యాయామానికి సైకిల్ తొక్కుతూ, దొంగతనం జరిగిన ఇంటి ముందు నుంచి గంటలోపు మూడుసార్లు వెళ్లాడు. ఆ చుట్టుపక్కల ఉన్న ఫోన్లన్నిటి లెక్క పోలీసులు గూగుల్‌ను అడిగితే, అతను అనుమానితుల వరుసలో చేరాడు. 2020 జనవరిలో గూగుల్ నుంచి వచ్చిన ఈమెయిల్ చూసేదాకా అతనికి ఆ సంగతే తెలియదు. లాయరు ఉన్నాడు కాబట్టి బయటపడ్డాడు. మా గదిలో ఎవరికి లాయరు?

ఇక్కడ చట్టం లేదని అనుకోకండి. ఉత్తరాలకు, ఫోన్ మాటలకు, ఎలక్ట్రానిక్ సందేశాలకు గోప్యత ఉంటుందని ఒమాన్ మౌలిక శాసనం హామీ ఇస్తోంది. చట్టం చెప్పిన సందర్భంలో, చట్టం చెప్పిన పద్ధతిలో తప్ప వాటిని చూడకూడదు. 2022లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చి, 2023 ఫిబ్రవరి నుంచి అమలవుతోంది. నేరం కనిపెట్టడానికో ఆపడానికో దర్యాప్తు సంస్థలు అధికారికంగా రాసి అడిగితే ఆ చట్టం అడ్డుపడదు. ఆ మినహాయింపును నేను తప్పుపట్టను. మనిషిని చంపి పారిపోయినవాడు ఉంటే, ఎడారిలో దారితప్పి నీళ్లు లేక పడిపోయినవాడు ఉంటే, నా దగ్గరున్న చుక్కను క్షణం ఆలస్యం లేకుండా తీసుకోవాలి. అయితే రాసి అడగాలనే మాట ఆ చట్టంలోనే ఉంది. క్యాంపు మనిషి దగ్గర ఆ కాగితం లేదు, దాన్ని అడిగే ధైర్యం మా మనిషికి లేదు.

మన ఊళ్లలోనూ ఇదే జరిగింది. 2021 అక్టోబరులో హైదరాబాద్ రోడ్ల మీద గంజాయి తనిఖీల పేరుతో బైకుల మీద పోయేవాళ్లను ఆపి, ఫోన్లు తెరిపించి, వాట్సాప్‌లో గంజాయి అనే మాట కోసం పోలీసులు వెతికిన వీడియోలు దేశమంతా చూసింది. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టులో తేల్చి అప్పటికి నాలుగేళ్లు దాటింది. 2024 జులైలో అదే కోర్టు మరో మెట్టు ఎక్కింది. మాదకద్రవ్యాల కేసులో ఒక నైజీరియా పౌరుడికి బెయిలిస్తూ, అతను ఎక్కడున్నాడో దర్యాప్తు అధికారికి కనిపించేలా గూగుల్ మ్యాప్స్‌లో పిన్ పెట్టాలని ఢిల్లీ హైకోర్టు విధించిన షరతును కొట్టేసింది. నిందితుడి ప్రతి కదలికనూ పోలీసులు నిత్యం చూస్తూ ఉండే షరతు చెల్లదంది.

మా మనిషి రాత్రిళ్లు నాలో తెలుగు వార్తలు చూస్తాడు. అలా నాకు తెలిసిన కేసు ఒకటి నన్ను వదలడం లేదు. తెలంగాణలో ఫోన్లు అక్రమంగా విన్నారని, ప్రభుత్వం మారగానే హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని 2024 మార్చిలో హైదరాబాద్ పంజాగుట్ట స్టేషన్‌లో కేసు పెట్టారు. పోలీసులు ప్రధాన నిందితుడిగా చూపించిన స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరో మాజీ అధిపతి టి. ప్రభాకర్ రావు అప్పటికి అమెరికాలో ఉన్నారు. 2025 జూన్‌లో తిరిగి వచ్చారు. ఆరోపణలు నిజమో కాదో కోర్టు తేలుస్తుంది. ఆయన ఐక్లౌడ్ ఖాతాల దగ్గర దర్యాప్తు ఆగిపోతే, అక్టోబరులో సుప్రీంకోర్టు కలగజేసుకుంది. ఫోరెన్సిక్ నిపుణుల ఎదుట ఆయనే పాస్‌వర్డ్ రీసెట్ చేయాలని చెప్పింది. ఒక మనిషి డేటా తెరవడానికి దేశపు అత్యున్నత న్యాయస్థానం ఆదేశం, నిపుణుల సమక్షం, లాయర్ల వాదన. అలాగే జరగాలి, అందులో నాకు అభ్యంతరం లేదు. ఆ మర్యాదలో పిసరంత జగిత్యాల తమ్ముడి చుక్కకు, ఉద్దానం ఇల్లాలి ఫొటోకు దక్కకపోవడమే నా బాధ. జీతం అడిగి అలసి వెళ్లిపోయినవాడిని పరారీ అన్నారు. జీతం ఎగ్గొట్టిన చోట మాత్రం ఎవరి ఫోనూ తెరవలేదు.

ఆ తమ్ముడు ఎలా ఉన్నాడో కూడా చెప్పాలి. చాలాకాలం మస్కట్ చుట్టుపక్కల చిన్నచిన్న పనులు చేశాడు. 2025లో ఒమాన్ ప్రభుత్వం జరిమానాలు మాఫీ చేసి, కాగితాలు సరిచేసుకోవడానికీ దేశం విడిచి వెళ్లడానికీ గడువు ఇచ్చింది. ఆ దారిలో అతను ఇంటికి చేరాడు. ఎయిర్‌పోర్టు నుంచి కొత్త నంబరుతో మా మనిషికి ఫోన్ చేశాడు. "అన్నా, నీ టైమ్‌షీట్ల ఫొటోలు పోనియ్యకు. మా జీతాల కేసుల పనికస్తయి." అవి నాలో ఇంకా ఉన్నాయి.

గల్ఫ్‌కు వచ్చేవాళ్లకు, వాళ్లను పంపే ఇళ్లకు ఒక మనవి. ఫోన్ తెరవడానికి వేలిముద్ర కంటే గుర్తుపెట్టుకున్న అంకెలు మేలు. వేలిని పట్టుకుని అద్దించవచ్చు, అంకెలను మీరు చెప్పాలి. జీతం కాగితాల నకలు ఫోన్ ఒక్కదానిలోనే కాక ఇంట్లో ఇంకొకరి దగ్గరా ఉంచండి. పోలీసులు అడిగితే అబద్ధం చెప్పకండి, దేని కోసం వెతుకుతున్నారో ఆ ఒక్కటే చూడమని మర్యాదగా అడగండి. కంపెనీ మనిషి అడిగితే కాగితం ఏదని అడగండి. అడగలేని పరిస్థితి వస్తే ఆ తేదీ, టైము, అడిగినవాడి పేరు రాసిపెట్టుకోండి. మస్కట్‌లోని భారత రాయబార కార్యాలయానికి, విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌కు ఫిర్యాదు పంపవచ్చు. పంపండి.