డ్రాఫ్టు సూత్రానికి ధర్మపురి టీక

అవతారిక: శేషప్ప కవి నరసింహ శతకం చెప్పిన ఊళ్లో ఏ మాటనైనా టీక లేకుండా వదిలేస్తే ఊరికే మాట. 2022లో అల్టిమేట్ ఖో ఖో లీగు మొదలైనప్పుడు ఆరు జట్లు కుర్రాళ్లను డ్రాఫ్టులో ఏరుకున్నాయి. ఆ ఏరివేత మర్మం తెలిపే సూత్రమొకటి ఈ వ్యాఖ్యాతకు లభించింది. (తనే రాసుకున్నాడని గిట్టనివారంటారు. మూలం దొరకనప్పుడు టీకాకారులు ఇంకేం చేస్తారు?)

మూలం: “దీర్ఘబాహువు, లఘుపాదుడు, నిర్భయజానువు అగువాడు ప్రథమవర్గార్హుడు, తక్కినవారు తదనంతరము.”

ప్రతిపదార్థం: దీర్ఘబాహువు = పారిపోయేవాడి బనీను అంచు తగిలేదాకా చెయ్యి సాచగలవాడు; లఘుపాదుడు = పోల్ దగ్గర మలుపులో కాలు జారనివాడు; నిర్భయజానువు = మోకాలి తోలు ఇవాళ లేచిపోయినా రేపు మళ్లీ డైవ్ కొట్టేవాడు; ప్రథమవర్గము = ఏ కేటగిరీ, అనగా 2022లో 5 లక్షలు; తక్కినవారు = బి కి 3 లక్షలు, సి కి లక్షన్నర, డి కి లక్ష; తదనంతరము = పేరు పిలిచేదాకా ఫోను చేతిలో పట్టుకుని.

తాత్పర్యం: పొడుగు, వేగం, తెగువ ఉన్నవాణ్ణి ముందు తీసుకోవాలి. ఇది వేలం కాదు, వరుస. కబడ్డీలో అయితే పాట పెరుగుతుంది. 2023లో పవన్ సెహ్రావత్ కోసం తెలుగు టైటాన్స్ 2 కోట్ల 60 లక్షలు దాటి పాడింది. ఇక్కడ ధర ముందే రాసిపెట్టి ఉంటుంది, ఎవరి వంతు ముందన్నదే పేచీ.

విశేషం: సూత్రకారుడు పరుగెత్తేవాణ్ణే చూశాడు, కూర్చున్నవాణ్ణి మరిచాడు. ఖో ఖోలో ఎక్కువమంది చేసే పని కూర్చోవడమే. మా ఊరి స్కూలు గ్రౌండులో సాయంత్రం చూడండి. సున్నం గీతల మధ్య పిల్లలు ఒకడు ఇటు, ఒకడు అటు ముఖం పెట్టి కూర్చుంటారు. రెండు చేతులూ నేలకు ఆనించి, వెనక మడమ కొంచెం లేపి, బొటనవేలు మట్టిలో గుచ్చుకుని ఉంటారు. ఖో వెనక నుంచే రావాలి కనుక ఎవడొస్తున్నాడో కనబడదు. అరుపు, వీపు మీద దెబ్బ రాకముందే లేస్తే ఫౌల్. వచ్చాక అరక్షణం ఆగితే అవతలివాడు చదరం దాటేస్తాడు. ఒక్కసారి భుజం తిరిగిందా, ఇక దారి మార్చుకునే వీల్లేదు. ఈ అరక్షణానికి సూత్రంలో ఒక్క విశేషణమైనా లేదు.

ఇక్కడ పీఈటీ సారు మతం: “డైవ్ నేర్పొచ్చు సార్. ఎట్ల కూసోవాల్నో నేర్పుడు నాతోని గాదు. నేనైతే ముందుగాల కూసున్నోన్నే సూస్త.”

పూర్వపక్షం: అయ్యా, 2022 సెప్టెంబరు 4న పుణెలో అల్టిమేట్ ఖో ఖో ఫైనల్లో ఇంకా 14 సెకన్లు ఉందనగా సూరజ్ లాండే స్కై డైవ్ కొట్టాడు, ఒడిశా జగ్గర్‌నాట్స్ 46, తెలుగు యోధాస్ 45. డైవే కదా కప్పు తెచ్చింది?

సమాధానం: ఓడింది మన పేరు పెట్టుకున్న జట్టు కనుక ఈ ఉదాహరణ వ్యాఖ్యాతకు రుచించదు, అయినా కాదనలేడు. అయితే ఆ లీగులో మామూలుగా తాకితే 2 పాయింట్లు, డైవ్ కొట్టి తాకితే 3. పాత ఆటలో ఎట్లా అవుట్ చేసినా ఒకటే పాయింటు. అంటే మా గ్రౌండులో వీపు తట్టి పట్టేవాడూ, గాల్లోకి ఎగిరి పట్టేవాడూ సమానం. అదే పిల్లలు టీవీ ముందుకెళ్తే ఒకడు ఏ, ఒకడు సి. మారింది పిల్లలు కాదు, స్కోరు పట్టిక. సెలెక్టరు కన్ను దాని వెంటే పోతుంది.

పరదేశ ప్రమాణం: అమెరికా బాస్కెట్‌బాల్ లీగు వాళ్లు డ్రాఫ్టుకు ముందు కుర్రాళ్ల చేతుల చాపు, నిలబడి ఎగిరే ఎత్తు టేపు పెట్టి కొలుస్తారు. ఇంత కొలిచే దేశంలోనే 1984లో పోర్ట్‌లాండ్ జట్టు రెండో వంతులో శామ్ బోవీ అనే పొడుగువాణ్ణి తీసుకుంది; మూడో వంతులో మైకేల్ జోర్డాన్ షికాగోకు దక్కాడు. నవ్వేవాళ్లు నవ్వనీ. జోర్డాన్ ఆడే తావులో పోర్ట్‌లాండ్‌కు అప్పటికే క్లైడ్ డ్రెక్స్‌లర్ ఉన్నాడు, లేనివాడు పొడుగువాడే. మన పంజాబు పిల్లవాడు, ఏడడుగుల సత్నాం సింగ్ 2015లో 52వ పేరుగా డల్లాస్‌కు ఎంపికయ్యాడు గానీ ఆ లీగులో ఒక్క మ్యాచైనా ఆడలేదు. దీర్ఘబాహువు అన్న విశేషణానికి అంతకుమించిన ఉదాహరణ ఈ టీకాకారుడికి దొరకలేదు.

“తక్కినవారు” అన్న పదానికి ఇంకా చాలా రాయవలసి ఉంది. డి లో ఉన్నవారికి సూత్రకారుడు ఇచ్చింది ఆ ఒక్క పదమే మరి. కానీ సారు విజిల్ ఊదాడు, వరుసలో ఒకడు తక్కువయ్యాడట, టీకాకారుణ్ణి కూర్చోమంటున్నాడు. ఇతి ధర్మపురీయ టీకా, అసమగ్రమ్.