పేరు చెక్కిన ఫైళ్లు

సోర్స్ ఫైళ్లలో ఎవరు, ఎప్పుడు, ఏ మార్పు చేశారో పద్దు రాసే వ్యవస్థను వెర్షన్ కంట్రోల్ అంటారు. ఆ పద్దులోని వివరాలను అది తనంతట తానే ఫైలు నుదుట రాసిపెట్టడమే కీవర్డ్ సబ్‌స్టిట్యూషన్. పులుసుతో పక్కింటికి వెళ్లిన స్టీలు గిన్నె తిరిగి రావాలని దానిమీద పేరు, తేదీ చెక్కించే తెలుగింటి ముందుచూపే ఇందులోనూ ఉన్నది. ఏమంటే టేపులెక్కి ఊళ్లు తిరిగిన ఫైలు ఎన్నో వెర్షనుదో దాన్ని చూడగానే తెలియాలి.

1972లో బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రాచ్‌కైండ్ మొదలుపెట్టిన ఎస్‌సీసీఎస్‌లో ఈ కీవర్డులు శాతం గుర్తుల నడుమ ఉండేవి. 1980లలో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో వాల్టర్ టిచీ రూపొందించిన ఆర్‌సీఎస్ వాటిని డాలరు గుర్తుల నడుమకు మార్చింది. రెండు డాలర్ల మధ్య ‘ఐడీ’ అని రాస్తే చాలు, ఫైలు పేరు, వెర్షన్ సంఖ్య, తేదీ, సమయం, రచయిత పేరు వరుసగా వచ్చి కూర్చుంటాయి. చివర ‘ఎక్స్‌ప్’ అన్న మూడక్షరాల ముక్క ఉంటుంది. ఫైలు ఇంకా ప్రయోగదశలో ఉన్నదని దాని భావం. ఎవరూ మార్చకపోతే అదే ఉండిపోతుంది, ఎవరూ మార్చేవారు కారు గనుక, ఏళ్ల తరబడి నిక్షేపంగా పనిచేసిన ప్రోగ్రాములు సైతం ప్రయోగదశ దాటినట్టు కాగితం మీద రుజువు లేకుండానే రిటైరయ్యాయి.

‘లాగ్’ అనే కీవర్డుది మరీ విడ్డూరం: ప్రతి మార్పుకూ రాసిన వివరణనంతా అది ఫైలులోకే ఎక్కించేది కనుక, అసలు కోడ్ కనబడాలంటే ముందు వంశచరిత్ర దాటి రావలసి వచ్చేది. ఇద్దరి మార్పులను కలిపే మెర్జ్ సమయంలో, ఏ మనిషీ రాయని ఆ పంక్తుల దగ్గరే తగాదా వచ్చేది. తర్వాత వచ్చిన సబ్‌వర్షన్ అనే వెర్షన్ కంట్రోల్ వ్యవస్థ తెలివిగా ‘లాగ్’ను గడప తొక్కనివ్వలేదు; తక్కినవాటిని కూడా అడిగితేనే పెట్టింది.

ఆ తర్వాతి వ్యవస్థ గిట్‌కు వచ్చేసరికి చిక్కు ముదిరింది. అక్కడ కమిట్‌కు, అనగా నమోదైన మార్పుకు, గుర్తింపు సంఖ్య ఫైళ్లలోని విషయాన్ని కూడా బట్టి పుడుతుంది. దాన్ని తెచ్చి ఫైలులో రాస్తే విషయం మారుతుంది, విషయం మారితే సంఖ్యే మారిపోతుంది. అందుచేత గిట్ కోరినవారికి ‘ఐడీ’ స్థానంలో ఆ ఫైలు విషయం నుంచి లెక్కగట్టిన నలభై అక్షరాల గుర్తు, అంటే హాష్, మాత్రం ఇస్తుంది. అందులో ఎవరన్నదీ లేదు, ఎప్పుడన్నదీ లేదు.

గిట్‌కు మారిన ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టులో, డాలర్ల నడుమ ప్రాజెక్టు పేరున్న పంక్తులు ఏ వివరమూ నింపుకోకుండా కొంతకాలం అలాగే నిలిచి, 2023లో వేల ఫైళ్ల నుంచి ఒక్కసారిగా తొలగాయి. ఆ తొలగింపు కూడా మార్పే కనుక, ఆ ఫైళ్లన్నిటి చరిత్రలోనూ అదొక కొత్త పద్దుగా చేరింది.