నకార సూత్రానికి కోసిగి టీక

అవతారిక

కోసిగి జనానికి టీకలూ టిప్పణులూ కొత్త గాదు. ఊళ్ళో రైలెక్కి రాయచూరు దిక్కు కొంచెం పోతే మంత్రాలయం రోడ్డు వస్తుంది. ఆ మంత్రాలయంలో తుంగభద్ర ఒడ్డున 1671లో బృందావన ప్రవేశం చేసిన రాఘవేంద్రస్వామి గొప్ప వ్యాఖ్యాత. మధ్వాచార్యుల అనువ్యాఖ్యానానికి జయతీర్థులు న్యాయసుధ రాస్తే, ఆ సుధకు స్వామి పరిమళం రాశారు. అంటే వ్యాఖ్యకు వ్యాఖ్య, దానికి మళ్ళీ వ్యాఖ్య. సరిగ్గా 200 ఏళ్ళకు, 1871లో, మద్రాసు పట్టాలూ బొంబాయి పట్టాలూ రాయచూరులో కలుసుకున్నాయి. సరుకుతో పాటు ఇంగ్లీషు కూడా ఆ పట్టాల మీదనే కోసిగిలో దిగింది. దిగినప్పటి నుంచి దానికి సరైన టీక లేదు. ఆ లోటు తీర్చడానికి ఈ సాహసం.

మూలం

అన్ ఇన్ ఇమ్ ఇల్ ఇర్
డిస్ మిస్ నాన్

దొరికిన చోటు: ఒక బడి నల్లబల్ల, ఎడమ మూల. కర్త: డీఎస్సీ కోసం ఎదురుచూస్తున్న ఒక విద్యా వాలంటీరు. ఛందస్సు: ఎక్కాలది. పాఠాంతరం: కొన్ని నోటుబుక్కుల్లో 'ఇమ్' తరువాత 'జిమ్' అని ఉంది. అది ప్రక్షిప్తం, వెనక బెంచీ కవుల పని.

టీక

అన్, ఇన్: ఈ రెండింటికీ అర్థం 'కాదు', 'లేదు' అనే. అన్ ఇంగ్లీషుకు పుట్టింటి మాట. ఇన్ లాటిన్ ఇంటి పిల్ల, చాలాసార్లు ఫ్రెంచివారి చెయ్యి పట్టుకొని వచ్చింది. సంస్కృతంలోని నఞ్ వీటికి దాయాది. పాణిని లెక్కన హల్లు ముందు అది 'అ' అవుతుంది, అచ్చు ముందు 'అన్' అవుతుంది. అధర్మం, అనర్హుడు. గ్రీకులోనూ ఇదే తంతు. ఒకే జేజమ్మ మనవళ్ళు తలా ఒక దేశంలో స్థిరపడితే ఇట్లే ఉంటుంది.

మరి తెలుగు పిల్లోనికి ఇది ఎందుకు మింగుడుపడదు? వాని సొంత భాషలో 'లేదు' తోకలో ఉంటుంది కాబట్టి. 'మా నాయిన గుంటూరు నుంచి డబ్బు పంపి, నాకు కొత్త బ్యాగు కొని...' అని చెప్పుకుంటూ పోయి, చివర 'ఇయ్యలేదు' అంటాడు. అంతసేపూ విన్నవాడికి ఆశ ఉంటుంది. ఇంగ్లీషు మాట అట్లా కాదు, గుమ్మంలోనే కొట్టి పంపిస్తుంది.

దృష్టాంతం. ఒకానొక కార్యాలయంలో ఒక అవ్వ ఆగిపోయిన పింఛను సంగతి అడగబోయింది. వెంట ఏడో తరగతి మనవడు. కంప్యూటరు ముందరి పిల్లగాడు తెర చూసి, "అవ్వా, ఇన్‌ఎలిజిబుల్ అని చూపిస్తాంది" అన్నాడు. అవ్వకు పాణం లేచొచ్చింది. "ఇన్ అంటే లోపలనే గదా నాయినా? మా వాడు ఇంట్లో సదువుతుంటాడు. అట్లయితే నా పేరు లోపలుండాది!" మనవడు తల వంచుకొని, "లేదవ్వా, ఈ ఇన్ ఆ ఇన్ గాదు" అన్నాడు.

వ్యాకరణం వాడిదే రైటు. కానీ ఒక సంగతి గమనించాలి. 'ఎలిజిబుల్' అనే మాట ఆ అవ్వ జన్మలో విన్లేదు. పింఛను వచ్చినన్ని నెలలూ ఎవరూ ఆమెను పిలిచి నువ్వు ఎలిజిబుల్ అని చెప్పలేదు, డబ్బులు చేతిలో పెట్టిపోయినారు, అంతే. ఊరికి తెలిసినవి ఇన్‌వాలిడ్, ఇన్‌యాక్టివ్, అన్‌పెయిడ్. సుగ్గికి, అంటే కోతపనుల వలసకు, పోయే కుటుంబాలు మూటాముల్లెతో ఎక్కే రైలుపెట్టెకు కూడా అన్‌రిజర్వ్‌డ్ అనే పేరు. తల తరువాత వచ్చే మొండెం ఇక్కడి దాకా రాలేదు. బడిలో మొండెం ముందు నేర్పి తల తరువాత తగిలిస్తారు. బజారులో తలే ముందు వస్తుంది.

శంక: ఇన్ ఉన్నచోటల్లా 'కాదు' అనే చెప్పుకోవాలా? సమాధానం: చెప్పుకుంటే ఒళ్ళు కాలుతుంది. పెట్రోలు ట్యాంకరు వెనక 'ఇన్‌ఫ్లేమబుల్' అని ఎర్రక్షరాలతో ఉంటుంది. కాలనిది అని అన్వయించుకొని బీడీ ముట్టించరాదు. అక్కడి ఇన్‌కు 'లోపలికి' అని అర్థం, మంట పుట్టించడం అనే లాటిన్ క్రియలో భాగం. ఇట్లాంటి చోట అవ్వ టీకే రైటు. 'ఇన్‌వాల్యుబుల్' ఇంకో రకం. విలువ లేనిది కాదు, వెల కట్టలేనిది. మనకు 'అమూల్యం' ఉంది గనక దీనికి భయపడే పని లేదు.

ఇమ్: ప, బ, మ ముందు ఇన్ ఇమ్ అవుతుంది. పెదవులు ఎట్లాగూ మూసుకోవాలి గనక నకారం ముందే సర్దుకుంటుంది. మన పిల్లలు దీన్ని ఎప్పుడూ ఎన్ అక్షరంతోనే రాసి దెబ్బలు తింటారు. తప్పు వాళ్ళది కాదు, సున్నది. తెలుగులో 'పండు'కూ సున్నే, 'పంపు'కూ సున్నే. నాలుకకు తెలిసిన తేడా కలానికి అక్కర్లేదు. 'ఇండైరెక్ట్', 'ఇంపాసిబుల్' అని తెలుగులో రాసి చూడండి, రెండింటికీ ఒకే గుండ్రటి సున్న. ఎన్నా ఎమ్మా అన్న తగువు మనవాళ్ళు ఎప్పుడో సున్న చుట్టి తీర్చేశారు.

ఇల్: లకారం ముందు. ఇల్లీగల్. ఇది కోసిగి పిల్లలకు ఒక్కసారి చెబితే చాలు. సరిహద్దు ఊరు, కన్నడం కూడా నడుస్తుంది. కన్నడంలో 'ఇల్ల' అంటేనే లేదు. లాటిన్‌కూ కన్నడానికీ చుట్టరికం లేదు, కాకతాళీయం. అయినా వ్యాఖ్యాత దొరికినదాన్ని వదలడు.

ఇర్: రేఫ ముందు. ఇర్రెగ్యులర్. ఇక్కడ ఒక పెద్ద చిక్కుంది. మన ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. పిల్లోడు అద్దంలో చూసుకున్నట్టు చూస్తాడు. నాన్‌మెటల్స్‌కు ఎదురుగా అలోహాలు, ఇన్‌వర్టిబ్రేట్స్‌కు ఎదురుగా అకశేరుకాలు. బాగుంది, తలకు తల సరిపోయింది. లెక్కల పుస్తకం తెరిస్తే అద్దం తిరగబడుతుంది. 'రేషనల్' ఎదుట 'అకరణీయ' ఉంటుంది, 'ఇర్రేషనల్' ఎదుట ఉత్త 'కరణీయ'. ఇంగ్లీషు లేదన్నచోట తెలుగు ఉందంటుంది! కారణం ఏమంటే, ఇంగ్లీషువాడు నిష్పత్తి ఉందా లేదా అని చూశాడు, మనవాళ్ళు కరణి, అంటే మూలం తెగని సంఖ్య, ఉందా లేదా అని చూశారు. ఇద్దరూ సరైనవాళ్ళే. మధ్యలో మార్కు పోయేది పిల్లోనికి.

తాత్పర్యం (పూర్వార్ధానికి మాత్రమే)

ఓ బాలకా! ఇంగ్లీషు మాటకు తల చూడు, తెలుగు మాటకు తోక చూడు, లెక్కల మాటకు రెండూ చూసి అయ్యవారిని అడుగు.

ఉత్తరార్ధం

నాన్: కన్నడ పిల్లలు 'నాను', అంటే నేను, అనుకుంటారు. ఆ లెక్కన నాన్‌వెజ్ అంటే 'నేను వెజ్'. దీనివల్ల పెండ్లి భోజనాల్లో ప్రమాదం.

మిస్: చెడ్డగా, తప్పుగా అని అర్థం. ప్రైవేటు బడిలో టీచరమ్మను మిస్సు అంటారు గనక 'మిస్ అండర్‌స్టాండ్' అంటే 'టీచరమ్మకు అర్థమైంది' అని ఒక పిల్ల రాసింది. ఆ టీచరమ్మ నవ్వి అర మార్కు వేసిందట.

శంక: హాజరుపట్టీలో 'అబ్సెంట్' ఉంది, అందులోని అకారం నకారమేనా? సమాధానం: కాదు. 'అబ్' అంటే దూరంగా. మిరపకోతలకు తల్లిదండ్రుల వెంట గుంటూరు సీమకు పోయిన పిల్లోడు లేనివాడు కాదు, దూరంగా ఉన్నవాడు. హాజరు వేసే అయ్యవార్లకు లాటిన్ రాకున్నా ఈ సంగతి తెలుసు.

డిస్: విడదీయడం, ఊడగొట్టడం. డిస్‌కనెక్ట్, డిస్మిస్. సూత్రకారుడు చివరి ఉదాహరణగా 'డిసపాయింట్‌మెంట్' అని రాసి, ఆశాభంగం అని అర్థం చెప్పాడు. వెనక బెంచీ నుంచి ఒకడు లేచి, "సార్, అపాయింట్‌మెంట్ రాకపోతే డిసపాయింట్‌మెంటా?" అని అడిగాడు. బడి గొల్లుమంది. కానీ వాడు చెప్పింది మూలానికి చాలా దగ్గర. ఆ మాటలోని 'డిసపాయింట్' ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు దానికి పదవి నుంచి తప్పించడమనే అర్థం. ఆశాభంగం తరువాత వచ్చి చేరింది.

సూత్రకారుడు సుద్దముక్క కింద పెట్టి, ఎక్కం మళ్ళీ మొదటి నుంచి చెప్పమన్నాడు.