నాసికా దిగ్విజయం

అది 2020 శ్రావణం, కరోనా కాలం. పేరంటాల పిలుపుల్లేవు, వాయినాల సందడి లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ముంగిట, సున్నంతో గీసిన వలయాల్లో, గుడ్డమాస్కులే ముఖత్రాణాలుగా, ఆధార్ కార్డులే డాళ్లుగా, రథగజతురగాలు లేని అక్షౌహిణియై, వేపచెట్టు నీడ జరిగిన దిక్కుకల్లా తానూ జరుగుతూ బారులు తీరిన ఆ జనసందోహాన్ని ఏ నోట వర్ణించేది! నడుమ ఎవరో దగ్గారు. ఒక్క దగ్గు! ముందున్నవారు ముందుకు, వెనకున్నవారు వెనక్కి ఉరికి, వసుదేవుడికి దారి విడిచిన యమునలా ఆ మహాసేన రెండుగా చీలిపోయింది.

అంతలో తలుపు తెరుచుకుంది. వెడలింది ల్యాబ్ టెక్నీషియన్! ఆపాదమస్తకం ధవళకాంతుల పీపీఈ కవచం, ముక్కూనోటిపై బిగుసుకున్న ఎన్95, దానిపై తళతళలాడే ముఖఫలకం, ఆ ఫలకంపై తన నిట్టూర్పులే కట్టిన మంచుతెర, లోపల వెన్ను వెంబడి కృష్ణా గోదావరులై పొంగిపొర్లే స్వేదప్రవాహం! కర్ణుడి కవచం ఒంటితో పుట్టింది కనుక అతనికి ఉక్కపోసి ఉండదు. ఈమె కవచం అట్టిది కాదు. తొడిగింది మొదలు విప్పేదాకా గుక్కెడు మంచినీళ్లయినా దక్కవు.

చర్రున కవరు చించి ఆయుధం బయటికి తీసింది. జానెడు పుల్ల! సన్నని, వంగే గుణం గల ప్లాస్టిక్ కాడ. కొసన నైలాన్ నూగు, తొలిమంచు తాకిన రెల్లుపూవై నిగనిగలాడుతోంది. కట్టెపుల్లకూ దూదికీ ఈ రణరంగాన ప్రవేశం లేదు. వాటిలోని పదార్థాలు రేపు ల్యాబులో జరిగే పరీక్షకే అడ్డుపడగలవు. ఆ నూగు ఏ వేలికీ తగలకుండా ఎత్తిపట్టి ఆమె నిలబడితే, ఇంద్రుడు వజ్రాన్ని ఇంత జాగ్రత్తగా పట్టుకున్నాడా అనిపిస్తుంది.

“బాబాయ్ గారూ, మాస్కు కిందికి దించండి. తల కాస్త వెనక్కి పెట్టండి.”

“మెల్లిగా చూసి పెట్టమ్మా. మెదడుదాకా పోతుందంటున్నారు!”

అయ్యో బాబాయ్! ముక్కుపుటం పైకి చూస్తోంది కదా అని దారి కూడా పైకే అనుకుంది లోకం. రాజమార్గం అటు కాదు. అంగిలికి సమాంతరంగా, చెవి ఉన్న దిక్కుగా, తిన్నగా వెనక్కి! ఆ రహస్యమెరిగిన మణికట్టు కదిలింది. రోమారణ్యాలు దాటి, ఎముకల మెట్టల పక్కగా ఒరుసుకుంటూ, శ్లేష్మపంకిల మార్గాల్లో మందగమనంతో సాగింది శలాక. అడ్డు తగిలితే బలప్రయోగం నిషిద్ధం. వెనుదిరిగి రెండో ద్వారం వెతుక్కోవలసిందే. ఇక్కడ అడ్డు లేదు. ముక్కు వెనక, గొంతు పైకప్పున ఉన్న చిట్టచివరి గోడను నూగుకొస ముద్దాడింది. బాబాయ్ కుర్చీ చేతులు పట్టుకున్నాడు. కాలి బొటనవేళ్లు ఆకాశం వైపు లేచాయి. కుడికంట ఒక్క నీటిబొట్టు, ముత్యమై, ధారయై, చెంప మీది నెరిసిన గడ్డంలోకి ఇంకింది.

ఆ నూగు తడి పీల్చుకోవాలంటే కొన్ని క్షణాలు అక్కడే ఆగాలి. మనమూ ఆగుదాం. రేపు ఆర్టీపీసీఆర్ యంత్రం గర్జిస్తుంది. వైరస్ ఆర్ఎన్ఏను డీఎన్ఏగా మార్పించి, కాచి, చల్లార్చి, తిరుగుడు తిరుగుడుకూ రెట్టిస్తుంది. అంతా సవ్యంగా సాగితే ముప్పై తిరుగుళ్లకు ఒక్కటి నూరు కోట్లు దాటుతుంది. బిరుదులన్నీ ఆ యంత్రానికే! కానీ ఈ మణికట్టు ఒక అంగుళం ముందే బద్ధకించి ఉంటే అది రెట్టించేది శూన్యాన్నేగా? నన్నడిగితే పట్టాభిషేకం ఈ మణికట్టుకే.

శలాక తిరిగింది. సుతారంగా సుడి తిరుగుతూ వెలుగులోకి వచ్చింది. వెంటనే ప్రళయం! బాబాయ్ ముఖం ముడుచుకుంది, నోరు తెరుచుకుంది, కనుబొమలు ధనుస్సులయ్యాయి. వీరాంగన చటుక్కున పక్కకు తప్పుకుంది. హాఛ్! వేపచెట్టు మీది కాకులు దిక్కులు పట్టాయి.

ఇక గులాబిరంగు ద్రవం నిండిన గొట్టంలోకి శలాకావతరణం. కాడ మీది గంటు దగ్గర వంచగానే టక్కున విరిగింది. మిథిలలో శివధనుస్సు విరిగినప్పుడూ జనం ఇలాగే ఉలిక్కిపడి ఉంటారు. మూత బిగిసింది, పేరు అతుక్కుంది, కవరులో కవరై, ఐసుగడ్డల నడుమ పెట్టెలో, 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో, పల్లకీ ఎక్కిన పెళ్లికూతురై ల్యాబుకు ప్రయాణం కట్టింది. ఆ ఏటి నవంబరులోనే, గులాబి సరోవరం అక్కర్లేదు పొడి పుల్లే పంపండి అన్న హైదరాబాదు సీసీఎంబీ పరిశోధనాలయం పద్ధతికి వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ ఆమోదం దక్కింది. అది మరో కాండ.

బాబాయ్ కండువాతో కళ్లు తుడుచుకుని, ముక్కు ఉందో లేదో తడిమి చూసుకుని, కురుక్షేత్రం నుంచి తిరిగొచ్చినవాడి గాంభీర్యంతో లేచి నిలబడ్డాడు.

“అయిపోయిందా? ఇంతేనా?”

“ఇంతే బాబాయ్. పిన్నిగారిని పంపండి.”

“ఆవిడకి చెప్పకమ్మా, నేను ఏడ్చానని.”