పందికొక్కు ఆత్మకథ

పందికొక్కునైన నేను నా పేరు పుట్టుపూర్వోత్తరాలను చెప్పుకొంటున్న ఆత్మకథ ఇది. పంది, కొక్కు అనే రెండు తెలుగు మాటలు కలిసి ఆ పేరయింది. కొక్కు అంటే పెద్ద ఎలుక. నా జాతుల్లో పెద్దదానికి ఒళ్ళు అడుగు దాకా, తోక ఇంచుమించు అంతే ఉంటుంది. బరువు కిలో వరకూ తూగుతుంది. తరిమితే వెంట్రుకలు నిక్కబొడుచుకుని పందిలా గుర్రుమంటాను. ఆ గుర్రుకు పేరులోని మొదటి మాట చక్కగా అతుకుతుంది.

పొలం గట్ల కింద బొరియలు తవ్వడం, వరి వెన్నులు కొరికి లోపల దాచుకోవడం, గాదెల అడుగున చేరడం నా బతుకు. అందుకే ఊరి సొమ్ము తినేవాణ్ణి పందికొక్కుతో పోల్చి తిడతారు.

18వ శతాబ్దంలో ఈ పేరు ఇంగ్లీషువారి నోట పడి బాండికూట్ అయింది. ఇంగ్లీషులో మాట మొదట వచ్చే ‘ప’ను ఊపిరి ఒత్తి పలుకుతారు. తెలుగు ‘ప’లో ఆ ఒత్తు లేదు కనుక వారి చెవికి అది ‘బ’లా తోచే వీలుంది. చివరి ఉకారం రాలిపోయింది, కొక్కు కాస్తా కూట్‌గా మారింది. 1886లో యూల్, బర్నెల్ ప్రచురించిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు ఈ మాటకు మూలం తెలుగేనని నమోదు చేసింది.

1873లో బ్రిటిష్ మ్యూజియం జంతుశాస్త్రవేత్త జాన్ ఎడ్వర్డ్ గ్రే నా ప్రజాతికి బాండికోటా అని పేరు పెట్టాడు. బాండికోటా ఇండికా పెద్ద పందికొక్కు. బాండికోటా బెంగాలెన్సిస్ చిన్నది. తెలుగు రైతు మాట అలా శాస్త్రనామంలో నిలిచింది.

అంతకుముందే ఆ పేరు సముద్రం దాటింది. ఆస్ట్రేలియా చేరిన ఇంగ్లీషువారు అక్కడి పొడుగుమూతి జంతువునూ బాండికూట్ అన్నారు. అది ఎలుక కాదు. కంగారూలాగా పిల్లను సంచిలో పెంచే జీవి. ఆ సంచి వెనక్కి తెరుచుకోవడం వల్ల నేల తవ్వేటప్పుడు మట్టి లోపల పడదు. నాకూ దానికీ చుట్టరికం లేదు, పేరొక్కటే ఉమ్మడి. 1996లో వచ్చిన క్రాష్ బాండికూట్ వీడియో గేమ్ కథానాయకుడు ఆ ఆస్ట్రేలియా జంతువే.

ఇప్పుడు ఇంగ్లీషులో బాండికూట్ అంటే ముందుగా స్ఫురించేది ఆ సంచి జంతువు. అసలు హక్కుదారునైన నన్ను వేరుచేసి చెప్పడానికి బాండికూట్ ర్యాట్ అంటున్నారు. కొక్కులో ఎలుక ఉండనే ఉన్నా, ఇంగ్లీషులో ఆ పేరుకు మరో ఎలుక వచ్చి చేరింది.